జింకలకు పచ్చిక, చేలకు రక్ష

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కర్నూలు జిల్లాలో జొన్నగిరి సమీపమున ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచ్చటి కొండగుండ్లపై అశోక చక్రవర్తి రెండువేల రెండువందల యేండ్లకు పైబడి క్రిందట చెక్కించిన శాసనములున్నవి. పూర్వము తన వంటశాలలో దినదినము లక్షలాది ప్రాణులు వధింపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే మిగిలినవనియు, ఆ జింకయు నిత్యము కాదనియు, ఇకముందు అవియు నుండబోవనియు ఒక శాసనమున ఆ చక్రవర్తి చెప్పుకొనెను. మఱియొక దానిలో మనుష్యులకును, పశువులకును వైద్యము ఏర్పరచితిననియు, చెట్లు నాటించి బావులు త్రవ్వించితిననియు చెప్పెను. చంపవలదనుట ఒక యెత్తు. బ్రదుకుటకు మేతను, నీటిని సమకూర్చుట మఱియొక యెత్తు. నేడు మనము ముచ్చటించుకొనబోవునది ఈ రెండవ పనిని గూర్చియే.

అయితే ఈ మాట చెప్పుట సులభము కాదు. ఇటీవల ఇట్టి సభలోనే ఒక వృద్ధ రైతు లేచి మమ్ము ఇట్లు అడిగెను: "జింకలకు గడ్డి వేయమంటారు. బాగుంది సార్. నిన్న రాత్రి నా బుడ్డల చేను మొలకలన్నీ జింకలే మేసిపోయినాయి. మళ్లా ఇత్తనం ఎవరిస్తారు?" సభలో కొందరు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. అప్పుచేసి తెచ్చిన విత్తనము ఒక్క రాత్రిలో పోయినవాని ప్రశ్న అది. ఆ ప్రశ్నను తప్పించుకొనిపోవు ప్రసంగము మీకు పనికిరాదు. కావున దానిని ముందుంచుకొనియే మాటలాడుదుము.

జింక చేనికి ఏల వచ్చును?

జింక పుట్టుకతో దొంగ కాదు. దాని మేత దానికి దొరకినంతకాలము మనుష్యుని అలికిడికి దూరముగనే యుండును. మన పల్లెల చుట్టు ఒకప్పుడు పశువుల మేత పోరంబోకులు, బీళ్లు, చెరువు శిఖములు, వాగు గట్లు విశాలముగ నుండెడివి. వానలు పడగానే వానిపై పచ్చిక మొలిచెడిది. పశువులు కొంత, జింకలు కొంత మేసి బ్రదికెడివి. ఆ భూములు కొన్ని ఆక్రమణలపాలైనవి. కొన్ని దున్నబడినవి. మిగిలిన వానిని సర్కారు తుమ్మ ఆక్రమించినది. దాని నీడన గడ్డి మొలవదు. దాని కాయలను పశువులును, జింకలును తిని, విత్తనములను పేడతోపాటు క్రొత్త చోట్ల విడుచును. ఆ విధముగ ముల్లు పెరుగును, పచ్చిక తరుగును. అడవి అంచులలో తలంబ్రాల చెట్టు, బీళ్లలో వయ్యారిభామ ఇట్టి పనియే చేయుచున్నవి.

ఇట్లు పచ్చిక పోయినచోట మిగిలిన ఏకైక పచ్చదనము రైతు చేనే. వేరుసెనగ, సెనగ, కంది మొలకలు మెత్తనివి, బలమైనవి. ఆకలిగొన్న జీవి వానిని విడిచి ముళ్లను మేయునా? చేనికి వచ్చిన జింకను తరిమివేయవచ్చును. కాని తరిమిన జింక ఎచ్చటికి పోవలెను? పోవుటకు చోటు లేనిదే అది మరునాటి రాత్రి మరల వచ్చును. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే: తరుముటకు ముందు అది పోదగిన చోటు నొకదానిని ఏర్పరుపవలెను.

పచ్చికను కాపాడిన ఫలితము ఎట్టిదో తెలిసికొనుటకు మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవులు మంచి నిదర్శనము. అచ్చటి బారసింగా జింకలు దాదాపు గడ్డినే తిని బ్రదుకును. 1970 నాటికి అవి 66 మాత్రమే మిగిలెను. తరువాత అడవిలోని పచ్చిక బయళ్లను శ్రద్ధగా కాపాడి, కొంత మేర కంచె వేసి, గడ్డిని ఎదుగనిచ్చిరి. నేడు ఆ జింకలు వందల సంఖ్యలో నున్నవి.

దీనికి రెండవ ప్రక్కయు కలదు. మన రోళ్లపాడులో బట్టమేక పక్షి రక్షణకై 1988లో అభయారణ్యము ఏర్పడినది. పచ్చిక బాగుపడగా కృష్ణజింకలు విస్తారముగ పెరిగినవి. పెరిగిన మందలు చుట్టుప్రక్కల చేలపై పడినవి. రైతులు కష్టపడిరి, కోపించిరి. వారి కోపము అన్యాయము కాదు. ఒకచోట గడ్డి పెంచి, దాని చుట్టునున్న భూములను, ప్రజలను మరచిన యెడల మేలునకు బదులు కీడు కలుగునని రోళ్లపాడు మనకు నేర్పుచున్నది. కావున పచ్చిక మడి ఎంత ముఖ్యమో, దానిని ఎచ్చట, ఎట్లు వేయుదుమన్నది అంత ముఖ్యము.

ఏ జింకకు ఏ పచ్చిక?

మనవారు జింక, లేడి, ఇఱ్ఱి, దుప్పి, కణుజు అని అనేక పేర్లతో పిలుతురు. పంచాయతీ పనికి రెండింటిని వేరుగా గుర్తించిన చాలును.

మొదటిది కృష్ణజింక. ఇది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మగదాని వీపు నల్లన, కడుపు తెల్లన. కొమ్ములు మెలికలు తిరిగియుండును. ఇది మైదానపు జీవి. దట్టమైన అడవిలో నుండదు. దూరమునుండి శత్రువును చూచి పరుగెత్తుటయే దాని రక్షణ. కావున దాని పచ్చిక చెట్లు లేని తెరపి నేలలో, పొట్టి గడ్డితో నుండవలెను. చుట్టు పొదలు పెంచిన మడికి అది రాదు.

రెండవది చుక్కల దుప్పి. ఇది తెలంగాణ రాష్ట్ర జంతువు. నల్లమల అంచు గ్రామములవారికి చిరపరిచితము. ఇది నీడను, నీటిని విడిచి దూరము పోదు. ఉదయము, సాయంకాలము అడవి అంచున మేసి, ఎండవేళ చెట్లలోనికి పోవును. వానకాలమున గడ్డి, వేసవిలో రాలిన ఆకులు, పూవులు, పండ్లు దీని ఆహారము. కొండముచ్చులు చెట్టుపైనుండి రాల్చిన ఆకులను, కాయలను క్రింద దుప్పులు ఏరుకొని తినుట మీలో అనేకులు చూచియే యుందురు. కావున దుప్పికి పచ్చికతోపాటు ఇప్ప, రేగు, ఉసిరి, మేడి, వెలగ వంటి చెట్లు కావలెను. గడ్డి ఎండిపోయిన చైత్ర వైశాఖములలో ఆ చెట్లే దానికి అన్నము.

చోటు నిర్ణయించుట

మొట్టమొదట చెప్పవలసినది: రిజర్వు అటవీ భూమిలో అటవీశాఖ అనుమతి లేక ఏ పనియు చేయరాదు. విత్తనము చల్లుటయైనను, పొద కొట్టుటయైనను నేరమగును. అచ్చట పచ్చిక పెంచవలెనన్న రేంజి అధికారిని అడిగి, వన సంరక్షణ సమితి యున్నచోట దాని ద్వారా చేయవలెను. పంచాయతీ స్వయముగ తలపెట్టదగినది తన ఆధీనములోని బీడు, పోరంబోకులందే. అదియును రెవిన్యూ రికార్డులు చూచి, హద్దులు కొలిపించిన పిమ్మటనే.

పచ్చిక మడి అడవికి లేదా జింకల స్థావరమునకు దగ్గరగను, చేలకు దూరముగను ఉండవలెను. అడవికిని మడికిని నడుమ చేను వచ్చినచో, జింక మడికి పోవుచు దారిలోని చేనునే మేసిపోవును. ఈ ఒక్క పొరపాటు జరిగిన యెడల మొత్తము పని చెడిపోవును. రోడ్డు ప్రక్క మడి వేయరాదు. రాత్రివేళ వాహనముల క్రింద పడును. ఊరికి దగ్గరగ వేయరాదు. కుక్కలు చంపును. చుట్టుప్రక్కల గట్టులేని దిగుడు బావులున్నచో ముందుగా వానికి గోడగాని, గట్టి కంచెగాని వేయించవలెను. వేసవిలో దప్పికగొని బావులలో పడి చచ్చు జింకలు తక్కువ కాదు.

పది యెకరముల మడి ఒకటి వేయుటకంటె అరయెకరము, ఎకరము చొప్పున నాలుగైదు చోట్ల వేయుట మేలు. మందలన్నియు ఒకేచోట గుమిగూడినచో గడ్డి త్వరగా హరించును, రోగము వ్యాపించును, వేటగాండ్రకు పని సులభమగును. ఒక మడికి విశ్రాంతి యిచ్చి, వేరొకదానిని మేపుటకును చిన్న మళ్లే అనుకూలము.

సాగు విధానము

వేసవిలోనే సర్కారు తుమ్మను తొలగించవలెను. పైకొమ్మలు నరికిన చాలదు. మొదలు త్రవ్వి వేరుతో తీయనిచో అంతకు రెట్టింపు గుబురుగ చిగుర్చును. వయ్యారిభామను పూత రాకముందే పెరికివేయవలెను. దాని వలన చర్మవ్యాధియు, ఉబ్బసమును కలుగును గనుక చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ తప్పనిసరి. నిప్పు పెట్టి శుభ్రము చేయుదమను తలంపు వలదు. ఆ నిప్పు ఎచ్చట ఆగునో ఎవరును చెప్పలేరు.

వాలునకు అడ్డముగ చిన్న చిన్న కందకములు తీసిన యెడల వాననీరు నిలిచి, పచ్చిక మఱికొన్ని వారములు పచ్చగ నుండును. విత్తుటకు తగిన అదను మృగశిర, ఆరుద్ర కార్తెలు. మృగశిర యనగా జింక తల. జింకకు పచ్చిక వేయుటకు ఆ కార్తెయే తగియుండుట ముచ్చటైన విషయము.

విత్తనము కొరకు దూరము పోనక్కరలేదు. మీ గ్రామములోనే దేవుని మాన్యములయందో, చెరువు కట్టలయందో మంచి గడ్డి ఇంకను మిగిలియుండును. కార్తిక మార్గశిర మాసములలో ఆ గడ్డి కంకులు ముదిరినప్పుడు కోసి, నీడన ఆరబెట్టి, వచ్చు తొలకరికి దాచుకొనవలెను. ఎఱ్ఱ నేలలకు అంజన్ గడ్డి, గరిక బాగుగ నుండును. తేమగల నల్లరేగడిలో చెంగలి గడ్డి మంచిది. అంజన్ విత్తనము ఎకరమునకు సుమారు రెండు కిలోలు చాలును. నూగుతో తేలికగ నుండును గనుక తడిమట్టితోగాని, ఇసుకతోగాని కలిపి చల్లి, ముండ్లకంపతో పైపైన లాగవలెను. లోతుగ పడిన విత్తనము మొలవదు.

మొదటి సంవత్సరము మడిని ఎవరును మేపరాదు, జింకయైనను సరే. చుట్టు కంపకంచె వేసి, గడ్డి వేరూని, కంకి వేసి, గింజ రాలువరకు కాపాడవలెను. గింజ రాలిన పిదప గడ్డి కోసికొని గ్రామస్థులు పంచుకొనవచ్చును. రెండవ వానకాలమునుండి కంచె తొలగించి జింకలకు విడువవలెను. ముదిరి ఎండిన గడ్డిని అప్పుడప్పుడు కోసినచో లేత చిగుళ్లు వచ్చును. జింకకు కావలసినది ఆ చిగురే.

దుప్పులుండు ప్రాంతములలో మడి సమీపమున నేలకు సమముగ సిమెంటు నీటి పళ్లెము కట్టించి, వేసవిలో దానిని నింపు బాధ్యత ఒకరికి అప్పగించవలెను. ఎండిన పళ్లెము ఉన్నను లేనట్లే. నీటికై వచ్చిన జింక తిరిగి చేనివైపునకో, బావివైపునకో పోవును.

పశువుల మేత మరువరాదు

ఇన్ని చెప్పిన పిమ్మట మీ ఆవులు, గొఱ్ఱెలు ఎచ్చట మేయవలెనను ప్రశ్న వచ్చును. రావలసినదే. గొఱ్ఱెల కాపరి పొట్టకొట్టి జింకకు పెట్టిన మేత నిలువదు. కంచె ఒక్క రాత్రిలో మాయమగును. కావున జింకల మడితోపాటు ఊరికి దగ్గరగ పశువుల మేతకు వేరొక మడి వేయవలెను. అందులో స్టైలో, పిల్లిపెసర, అలసంద వంటి మేతలు పెంచి, కోసి ఇంటికి తీసికొనిపోవచ్చును. ఈ రెండు మళ్లును ఒకే తీర్మానముతో, ఒకే దినమున మొదలుపెట్టవలెనని మా సలహా.

రెండింటిని వేరుగ నుంచుటకు ఇంకొక కారణము కలదు. గాలికుంటు వ్యాధి పశువులనుండి జింకలకును సోకును. మడి సమీప గ్రామములలో పశువులన్నింటికి పశువైద్యశాలవారి ద్వారా వేళకు టీకాలు వేయించినచో మీ పాడియు, ఆ జీవులును రెండును బాగుండును.

చేయరాని పనులు

జింకలకు బియ్యము, జొన్నలు, మిగిలిన అన్నము కుప్పలుగ పోయరాదు. ఆవువలె జింకయు నెమరు వేయు జంతువు. గడ్డికి అలవాటుపడిన కడుపులో ఒక్కసారిగ ధాన్యము పడిన యెడల అది పులిసి, ప్రాణమునకే ముప్పు తెచ్చును. జాలితో పెట్టినదే విషమగును.

పచ్చిక మడిలో జొన్న, సెనగ, వేరుసెనగ వేయరాదు. మన పంట రుచిని మనమే మప్పినట్లగును. జొన్నలో మఱియొక ప్రమాదమును కలదు. వానలు లేక గిడసబారిన లేతజొన్నలో నాము విషముండునని మీకు తెలియును.

అమెరికా దేశమున వేటగాండ్రు అడవి చెంత చిన్న చిన్న మళ్లలో క్లోవరు, ఓట్లు చల్లి, మేతకు వచ్చిన జింకలను వేటాడు వాడుక కలదు. అచ్చట వేటకు లైసెన్సులు, నియమిత కాలములు ఉన్నవి. మన దేశపు మార్గము వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వేట యనగా తుపాకి కాల్చుట మాత్రమే కాదు. ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, ఎర చూపుట కూడ వేటయే. చంపు తలంపుతో వేసిన పచ్చిక కూడ ఎరయే యగును. కృష్ణజింక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ననుసరించి, మొదటి షెడ్యూలు జంతువును వేటాడినవారికి మూడేండ్లకు తగ్గక ఏడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జుర్మానా విధింపబడును.

చేని చుట్టు కరెంటు తీగ పఱచుట అన్నింటికంటె ఘోరము. ఆ తీగకు జింక యనియు, మనిషి యనియు భేదము తెలియదు. రాత్రి నీరు కట్టుటకు పోయిన ప్రక్క చేని రైతో, తెల్లవారుజామున పోయిన కూలి తల్లియో దానికి బలియగుదురు. ఈ ఒక్క విషయమున పంచాయతీ సభ్యులు మొగమాటము చూపరాదు. బంధువైనను, మిత్రుడైనను ఆ తీగను తీయించవలెను.

రైతు ప్రశ్నకు సమాధానము

ఇప్పుడు ఆ వృద్ధ రైతు ప్రశ్నకు వత్తుము. పచ్చిక మడి వేసిన మరునాడే జింకలు చేలను విడిచిపోవునని మేము చెప్పము. మడి ఎదుగుటకు రెండు వానకాలములు పట్టును. ఎదిగిన పిమ్మటను మొలక దశలో చేనికి కాపలా కావలసియే యుండును. అంతవరకు నష్టపోయినవారికి అటవీశాఖ ద్వారా పరిహారము పొందు మార్గము కలదు. నష్టము జరిగిన వెంటనే, ఆనవాళ్లు చెరగకముందే, ఫొటో తీయించి, పట్టాదారు పాసుపుస్తకపు నకలుతో దరఖాస్తు ఇప్పించవలెను. చదువురాని రైతునకు ఆ కాగితము వ్రాసిపెట్టి, కార్యాలయము వరకు వెంట పోవు వార్డు సభ్యుడే ఈ పథకమునకు నిజమైన పునాది. అతడు ఆ పని చేయనిచో మా ప్రసంగములు గాలిలో కలిసిపోవును.

ఫలితము తెలియుటకు ఒక పుస్తకము పెట్టుడు. ఏ చేను, ఏ తేదీ, ఎన్ని సెంట్లు నష్టమైనదో వ్రాయుడు. మడి నడుమ గజము పొడవు, గజము వెడల్పున ముండ్లకంచె కట్టి, లోపలి గడ్డిని మేపకుండ విడువుడు. లోపలి గడ్డికిని, వెలుపలి గడ్డికిని భేదము చూచినచో జింకలు ఎంత మేసినవో చదువు లేనివారికిని కంటికి కనబడును. రెండేండ్ల తరువాత చేల నష్టము తగ్గినచో పనిని పెంచుడు. తగ్గనిచో చోటు తప్పినదేమో చూచి మార్చుడు. సర్కారు చెప్పినది గనుక సాగించవలెనను నియమము లేదు.

పంచాయతీకి ఈ అధికారము ఎచ్చటిదని కొందరడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. సామాజిక వనములు, వంటచెఱకు, పశుగ్రాసము వానిలోనివే. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలెను. మీ గ్రామమున ఆ కమిటీ కాగితముపైనే యున్నచో దానిని మేల్కొలుపుటకు ఇది మంచి తరుణము. ఏ పని ఏ పద్దు క్రింద చేయవచ్చునో మండల పరిషత్ అభివృద్ధి అధికారి చెప్పగలరు.

సోదర సోదరీమణులారా, మీరు ఊరికి పోయిన తరువాత వచ్చు గ్రామసభలో మూడు పనులు చేయుడు. మొదటిది, గ్రామపు బీళ్ల జాబితా చదివి, ఏవి మిగిలినవో, ఏవి పోయినవో అందరికి తెలుపుడు. రెండవది, నష్టపోయిన రైతులను, గొఱ్ఱెల కాపరులను ముందుగా మాటలాడనిండు. వారి మాట విన్న పిమ్మటనే చోటు నిర్ణయింపుడు. మూడవది, ఒక్క అరయెకరముతో మొదలుపెట్టుడు.

ఆ వృద్ధ రైతు మాతో చివరగా మఱియొక మాట చెప్పెను. అతని చిన్నతనమున వాగు అవతలి బీటిలో జింకల మంద మేయుచుండగా పిల్లలందరు గట్టుపై కూర్చుండి చూచెడివారట. ఆ బీడు నేడు ముళ్లకంప. ఆ గట్టుపై అతని మనుమడు కూర్చుండి జింకలను చూడవలెను. అతని చేను మాత్రము చెక్కుచెదరక పండవలెను. ఈ రెండును ఒక్కసారి జరుగవలెనన్నచో ఆ బీటిలో మరల పచ్చిక మొలవవలెను. దానిని మొలిపించు బాధ్యత మీ చేతులలో నున్నది.